మనం, మేము, నేను

మా అమ్మకి షుగర్ లేదు. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా కాఫీలో రెండు చెంచాల పంచదార పడాల్సిందే. అయినా ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, సౌత్ కరొలైనా రాజధాని కొలంబియాలో, మేం వెళ్ళే లూథరన్ చర్చి హాల్లో నిలబడి, ఒక పెద్దావిడతో “అమ్మకి షుగరండీ, అందుకని...” అన్నాను.

ఆవిడ తెచ్చింది కేకు కాదు. ఆకుకూర.

నెలకోసారి ఆరాధన అయ్యాక మా చర్చిలో పాట్‌లక్ ఉంటుంది. తలా ఒక గిన్నె తెచ్చి పొడుగాటి మడతబల్లల మీద వరసగా పెడతారు. రెండొందల మంది దాకా ఉన్న సంఘంలో నల్లజాతి కుటుంబాలు రెండే. ఆవిడ అందులో ఒకరు. తెచ్చింది కొలార్డ్ గ్రీన్స్. ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లా నల్లా అందరూ తినే ఆకు అది. మందంగా ఉంటుంది, వెనిగరూ ఎండుమిర్చీ వేసి గంటల తరబడి ఉడికిస్తారు. నన్నడిగితే గుంటూరు నోటికి ఆ బల్ల మీద పనికొచ్చేది అదొక్కటే. అమ్మ పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చింది. ఆవిడ గరిటెతో వడ్డించబోయింది. అమ్మ పళ్ళెం వెనక్కి తీసుకుంది. పెద్దగా ఏం కాదు, జానెడు. తర్వాతి గిన్నె ఒక తెల్లావిడది. చల్లటి బంగాళాదుంప సలాడ్, మయొనీజ్ కలిపింది, ఉప్పూ కారం లేనిది. అది రెండు గరిటెలు వేయించుకుంది. సొంత చెల్లెలు చేసిన పప్పుని కూడా వాసన చూసిగానీ ముట్టదు మా అమ్మ.

ఆ జానెడు కప్పిపుచ్చడానికి నేను షుగర్ జబ్బు తెచ్చిపెట్టాను. ఆవిడ నా మొహం వంక చూసింది, తన గిన్నె వంక చూసింది, “ఓహో, అలాగా” అంది. అంతే.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే ఇద్దరం నవ్వుకున్నాం. పాతకాలం మనిషి, ఈ వయసులో ఏం మారుస్తాం అనుకున్నాం. పాతకాలం మనిషి మీదికి తోసేస్తే కొత్తకాలం మనిషి చేతులు కడిగేసుకోవచ్చు. యేసుని శిలువకి అప్పగించిన పిలాతూ కడుక్కున్నాడు, నీళ్ళు తెప్పించుకుని మరీ.

కానీ అబద్ధం అమ్మ ఆడలేదు. నేనాడాను. ఇంకో సంగతి, ఆ జానెడు వెనక్కి పోవడం చూసిన క్షణంలోనే అదేంటో నాకు తెలిసిపోయింది. ఒక్క సెకను కూడా ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఆ కొలత నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

మాది కమ్మ క్రిస్టియన్ కుటుంబం. ఈ మాటలో తెలుగువాళ్ళకి వింతేమీ కనబడదు. పెళ్ళిళ్ళ పేరయ్యలకి అదొక వర్గం, మ్యాట్రిమొనీ సైట్లలో అదొక గడి. మా పెళ్ళి కూడా ఆ గడిలో కుదిరిందే. ఒకసారి ఇక్కడి చర్చిలో ఒకాయన అడిగితే వివరించబోయి తడబడ్డాను. క్రిస్టియన్ సరే, కమ్మ అంటే ఏమిటన్నాడు. మా వైపు భూములున్న కులం అన్నాను. “ఓ, ప్లాంటర్లన్నమాట” అన్నాడు. సౌత్ కరొలైనాలో ప్లాంటర్లంటే పత్తి తోటలూ వరి మడులూ, వాటిలో బానిసలూ ఉన్న దొరలు. కాదు కాదు, అలా కాదు అన్నాను. ఎలా కాదో చెప్పలేకపోయాను.

మా తాతయ్య 1930ల్లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అప్పటికి గుంటూరు సీమలో లూథరన్ మిషన్ పుట్టి తొంభయ్యేళ్ళు కావస్తోంది. అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. అప్పట్నుంచి ఆ సంఘాలని నిలబెట్టినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊళ్ళో దెబ్బలు తిన్నదీ, పనులు పోగొట్టుకున్నదీ, పాక గుళ్ళు కట్టుకున్నదీ వాళ్ళు. తర్వాత ఎప్పుడో తీరిగ్గా మా తాతయ్యలాంటి వాళ్ళు వచ్చారు. ముందొచ్చినవాళ్ళు వెనక కూర్చున్నారు, వెనకొచ్చిన మేం ముందు కూర్చున్నాం. రొట్టే ద్రాక్షరసం పంచే సంస్కారం రోజున మావాళ్ళు తీసుకోవడం అయ్యాకే మాలపల్లె, మాదిగపల్లెల వాళ్ళు లేచేవాళ్ళు. ఎవరూ రూలు రాసిపెట్టలేదు. మా వైపు చాలా సంగతులకి రాతకోతలుండవు.

మా పెరట్లో బోరింగు పక్కన గోడలో చిన్న గూడు ఉండేది. దాన్లో సొట్టలు పడ్డ అల్యూమినియం గ్లాసు. అది మా పాలేరుది. ఆయనా లూథరనే, మాకన్నా రెండు తరాల ముందునుంచీ. ఆదివారం ఆయనా మేమూ వెళ్ళేది ఒకే గుడికి. ఎండనపడి వస్తే ఆయనే గూట్లో గ్లాసు తీసుకుని, కడుక్కుని, పట్టుకునేవాడు. మా నాయనమ్మ మజ్జిగ పోసేది. పైనుంచి. జానెడు ఎత్తు నుంచి.

అదీ ఆ కొలత.

ఇంగ్లిషులో ‘వుయ్’ ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. ఎదుటిమనిషిని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. బడిలో ఎవరూ నేర్పక్కర్లేదు, మూడేళ్ళ పిల్లాడు కూడా తప్పు చెయ్యడు. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది బుద్ధికన్నా ముందే నోటికి తెలుసు. మనిషికి వివక్ష ఉందో లేదో పట్టుకోవాలంటే ఆయన అభిప్రాయాలు అడగడం దండగ అని నేననుకుంటాను. అభిప్రాయాలు అందరికీ శుభ్రంగానే ఉంటాయి, ఇస్త్రీ చేసిన ఆదివారం చొక్కాల్లాగా. ఆయన ‘మనవాళ్ళు’ అన్నప్పుడు ఆ మాటలో ఎవరెవరు నిలబడి ఉన్నారో లెక్కపెట్టుకోవాలి.

1985 జూలైలో నాకు ఎనిమిదేళ్ళు. కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర మావాళ్ళ కుర్రాళ్ళు గేదెల బకెట్లు కడుగుతుంటే ఒక మాదిగ కుర్రాడు కాదన్నాడు. వాణ్ణి కొట్టబోతే నీళ్ళకొచ్చిన ఒకావిడ అడ్డం వెళ్ళింది. ఆవిడనీ కొట్టబోతే బిందె పైకెత్తింది. ఆవిడ పేరు సువార్త. మర్నాడు, 17వ తేదీన, కమ్మవాళ్ళు వందలమంది మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ళ పేర్లలో మోషే అన్న పేరుంది. ఎవరి నమ్మకం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మా నాన్న వరండాలో కూర్చుని పేపరు చదివి, మడిచి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: “పాపం, మనవాళ్ళు కేసుల్లో ఇరుక్కుపోతారు.”

నాన్న చెడ్డవాడు కాదు. సండే స్కూల్లో మాకు పాఠాలు చెప్పేవాడు, దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ ఆయన చెబితేనే వినాలి. చంపినవాళ్ళది మా కులం, చచ్చిపోయినవాళ్ళది మా మతం. ఆ రెంటిలో ‘మన’ ఎటు పడిందో నేను విన్నాను. ఎనిమిదేళ్ళ వాడికి అది వింతగా అనిపించలేదు. నలభైకి దగ్గరపడ్డాక అనిపించింది, అదీ చార్ల్‌స్టన్ వల్ల.

2015 జూన్ 17, బుధవారం సాయంత్రం. మా రాష్ట్రంలోనే ఉన్న చార్ల్‌స్టన్‌లో ఇమాన్యుయేల్ ఏఎంఈ చర్చి, దక్షిణాదిలో నల్లజాతివాళ్ళ చాలా పాత సంఘాల్లో ఒకటి. బైబిలు స్టడీ జరుగుతోంది. ఇరవై ఒక్కేళ్ళ తెల్ల కుర్రాడొకడు వచ్చాడు. కూర్చోమన్నారు, బైబిలు చేతికిచ్చారు. మార్కు నాలుగో అధ్యాయం, విత్తువాని ఉపమానం. గంటసేపు వాళ్ళతో కూర్చుని, చివర్లో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నప్పుడు తుపాకీ తీశాడు. తొమ్మిదిమంది పోయారు, పాస్టరు క్లెమెంటా పింక్నీతో సహా.

వాడు లూథరన్. అమెరికాలో మా లూథరన్ సంఘాల సమాఖ్య ఈఎల్‌సీఏ, దాని సంఘాల్లో ఒకదాని సభ్యుడు. చనిపోయినవాళ్ళలో పింక్నీ, డేనియల్ సిమన్స్ ఇద్దరూ అప్పట్లో ఇక్కడ మా కొలంబియాలో ఉన్న లూథరన్ సెమినరీలో చదువుకున్నవాళ్ళు. అధ్యక్ష బిషప్పు ఎలిజబెత్ ఈటన్ మర్నాడు సంఘాలకి ఉత్తరం రాసింది. దాంట్లో ఒక వాక్యం సారాంశం ఇదీ: మనల్ని తమవాళ్ళుగా చేసుకున్న ఇద్దరిని కాల్చి చంపాడని ఆరోపణ ఉన్నవాడు మనవాడే.

మనవాడే. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ముప్ఫయ్యేళ్ళ కిందట మా వరండాలో విన్న మాట అదే. ఇక్కడ సిగ్గుతో పలికింది, అక్కడ బెంగతో పలికింది.

అయితే బిషప్పు రాసినంత మాత్రాన సంఘం అందుకుందనుకోకండి. ఆ ఆదివారం కాఫీ దగ్గర నేను విన్నవి: వాడు పిచ్చివాడు, ఇంటర్నెట్ పాడుచేసింది, మన చర్చిలో నేర్పింది కాదుగా. మూడోది నిజమే. ఎవరూ నేర్పలేదు. దాని గురించి ఏమీ నేర్పకపోవడం మాత్రం ఏళ్ళ తరబడి శ్రద్ధగా జరిగింది. రెండ్రోజులకే కోర్టులో చనిపోయినవాళ్ళ కుటుంబాలు కొందరు వాణ్ణి క్షమిస్తున్నామన్నారు. మావాళ్ళ మొహాలు తేటపడ్డాయి. అమ్మయ్య, అయిపోయింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను, దాచడమెందుకు. రాష్ట్ర శాసనసభ ముందు ఎగిరే కాన్ఫెడరేట్ జెండాని జూలై 10న దించేశారు. నాలుగేళ్ళుగా రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకెళ్ళేవాణ్ణి. ఇండియా నుంచి చుట్టాలొస్తే అక్కడ నిలబెట్టి ఫొటోలు తీశాను. మా ఆల్బంలో మామయ్యా అత్తయ్యా నవ్వుతూ, వెనక ఆ జెండా. బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్ళ జెండా అది. నాకది రంగురంగుల గుడ్డ. పట్టనితనం కూడా ఒక హోదానే, అందరికీ దొరకదు.

ఇక్కడ చాలామంది క్రైస్తవులు, అక్కడి మనవాళ్ళూ (చూశారా, మళ్ళీ) చెప్పే మాట ఒకటుంది. దేవుడి దృష్టిలో అందరం సమానమే, ఆ సంగతి గట్టిగా నమ్మితే చాలు, వివక్ష దానంతటదే పోతుంది. దీన్ని నమ్మలేకపోవడానికి నాకొక కారణం దొరికింది. పేరు జాన్ బాక్‌మన్. చార్ల్‌స్టన్‌లో సెయింట్ జాన్స్ లూథరన్ చర్చికి 1815 నుంచి దాదాపు అరవయ్యేళ్ళు పాస్టరు. పక్షుల బొమ్మల ఆడుబాన్‌కి స్నేహితుడు, వియ్యంకుడు కూడా. ఆ రోజుల్లో కొందరు శాస్త్రవేత్తలు నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ వేరువేరు జీవజాతులని వాదిస్తుంటే, 1850లో ఆయన ఏకంగా పుస్తకం రాసి ఖండించాడు. మనుషులంతా ఒకే జాతి, ఒకే పుట్టుక అని. పదేళ్ళు తిరిగాక, 1860 డిసెంబరులో, బానిసత్వాన్ని కాపాడుకోవడానికి సౌత్ కరొలైనా దేశంనుంచి విడిపోతూ సభ పెడితే, ఆ సభలో ప్రార్థన చేసిందీ ఆయనే. అందరూ ఒకటే అని నమ్మడమే మందైతే ఆయనకి పనిచెయ్యాలి కదా. ఆయన నమ్మడమే కాదు, రుజువు చేశాడు.

ఆయన సంఘంలోనే జెహు జోన్స్ అనే దర్జీ ఉండేవాడు, బానిస కాని నల్లజాతి మనిషి. 1832లో న్యూయార్కులో అభిషేకం పొందాడు. అమెరికాలో మొదటి నల్లజాతి లూథరన్ పాస్టరు. తిరిగి చార్ల్‌స్టన్ వస్తే జైల్లో వేశారు. రాష్ట్రం దాటిన స్వతంత్ర నల్లవాళ్ళు మళ్ళీ లోపలికి రాకూడదని చట్టం. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా వెళ్ళి అక్కడ నల్లవాళ్ళ కోసం సంఘం పెట్టాడు, కష్టపడి గుడి కట్టాడు. అప్పు తీరక 1839లో ఆ గుడి చేజారింది. రెండేళ్ళకి, 1841లో, ఆ పెన్సిల్వేనియా లూథరన్లే హయ్యర్ గారిని ఓడెక్కించి మన దగ్గరికి పంపారు.

ఈ డబ్బు అక్కడికి పోయిందని నేననడం లేదు. హయ్యర్ గారంటే నాకు గౌరవం తగ్గలేదు కూడా. మా తాతయ్యకి అక్షరం వచ్చిందీ, మా అమ్మ నన్ను కుగ్లర్ ఆస్పత్రిలో కన్నదీ ఆ పుణ్యమే. కానీ దూరపు కొండలు నునుపు అంటారే, అది ప్రేమ విషయంలోనూ నిజం. ఏడు సముద్రాల అవతలి నల్లటి మనిషిని ప్రేమించడం సులువు. పక్క వీధివాడైతే మన గుడి మెట్లెక్కుతాడు, మన పిల్లల్ని చూస్తాడు, అప్పు అడుగుతాడు.

నేనూ తక్కువ తినలేదు. మా ఫ్రిజ్ మీద ఒక ఆఫ్రికా పిల్లాడి ఫొటో ఉంటుంది. నెలనెలా డబ్బు పంపుతాం, క్రిస్మస్‌కి వాడి ఉత్తరం వస్తుంది. ఒక శనివారం ఆ డబ్బు కట్టి బయల్దేరి, పెట్రోలు బంకులో కారాపుకుని కూర్చున్నాను. హుడీ వేసుకున్న నల్లాయన ఒకడు నా పక్కగా నడిచాడు. నా ఎడమచెయ్యి తలుపు మీది బొత్తం నొక్కింది. టక్. నాలుగు తలుపులూ పడ్డాయి. ఆ చప్పుడు ఆయనకి వినబడింది. తల తిప్పలేదు, నడక కొంచెం మారింది. ఇలాంటి కథల్లో ఆయన చివరికి డాక్టరో పాస్టరో అని తేలుతుంది, రాసేవాడు సిగ్గుపడతాడు. నాకు తెలీదు ఆయనెవరో. ఎవరైనా కావచ్చు, పనీపాటా లేనివాడు కూడా కావచ్చు. మంచివాడని తేలితేనే నాది తప్పవుతుందా?

ఇక ఇల్లు కొనేటప్పటి సంగతి. జాతిని బట్టి ఇళ్ళు చూపించడం 1968 చట్టం ప్రకారం కుదరదు కాబట్టి ఏజెంట్లు నోరు మెదపరు. ఆ పని మన తెలుగు వాట్సాప్ గ్రూపులు చేసిపెడతాయి. “ఆ ఏరియా సేఫ్ కాదండీ.” “స్కూలు రేటింగు చూసుకోండి, క్రౌడ్ కూడా చూసుకోండి.” కొంచెం చనువుంటే “కల్లూ గాళ్ళు ఎక్కువ బ్రో.” నల్లవాళ్ళని హేళనగా అనే మాట అది. ఆ మాట నేను రాయలేదు. రాసినవాడికి థాంక్స్ చెప్పి, ఆ ఏరియా జాబితాలోంచి కొట్టేశాను.

మనమూ ఇక్కడ వివక్షకి గురైనవాళ్ళమే కదా అంటారు. నిజమే. 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లని, మీ దేశం పొండని అరుస్తూ కాల్చి చంపారు. రెండు వారాలు మా గ్రూపుల్లో రేసిజం తప్ప ఇంకో మాట లేదు. మూడో వారం నుంచి మళ్ళీ స్కూలు రేటింగులు. దెబ్బ తిన్నంత మాత్రాన కొట్టే చెయ్యి పడిపోదు. మనదీ పాత అలవాటే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కేసు అమెరికా సుప్రీంకోర్టుకెళ్ళినప్పుడు, నేను అగ్రకుల ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అన్నది వాదన. పెళ్ళి సంబంధాల విషయంలో అమెరికన్లు నీగ్రోలని ఎలా చూస్తారో, మా అగ్రకులాలవాళ్ళు ఇండియాలోని ఆదివాసుల్ని అలాగే చూస్తారని కోర్టుకి చెప్పుకున్నారు, అదొక అర్హత అన్నట్టు. కోర్టు ఒప్పుకోలేదు, అది వేరే విషయం. చివరికి మనకి తలుపు తెరిచింది 1965 వలస చట్టం. అది ఎవరి ఉద్యమాల ఊపులో వచ్చింది? కుక్కల్ని వదిలితే, గొట్టాలతో నీళ్ళు కొడితే అలబామాలోని బర్మింగ్‌హామ్ వీధుల్లో నిలబడ్డ నల్లవాళ్ళది. ఆ తలుపులోంచి వచ్చి, కారు తలుపులు టక్కుమనిపించుకున్నాం.

చూశారా, మళ్ళీ ‘మనం’లోకి జారిపోయాను. ‘టక్కుమనిపించుకున్నాను’ అనడానికి నోరు రాలేదు.

2019 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన మహాసభలో ఈఎల్‌సీఏ ఆఫ్రికన్ సంతతి ప్రజలకి అధికారికంగా క్షమాపణ చెప్పింది. బానిసత్వంలో తన పాలు ఒప్పుకుంది. ప్యూ సంస్థ 2014 లెక్కలో నూటికి 96 మంది తెల్లవాళ్ళున్న సంఘం అది. మంచిదే, చెప్పకపోవడం కన్నా నయం. మా చర్చిలో ఆ ప్రకటన మీద ఆరు వారాల క్లాసు పెట్టారు. ఐదు వారాలు ‘వుయ్’ మోగిపోయింది. వుయ్ వర్ సైలెంట్, వుయ్ వర్ కంప్లిసిట్. ఆ ‘వుయ్’ మేమా, మనమా? నల్లజాతి పెద్దావిడ, అదే ఆకుకూరావిడ, అక్కడే కూర్చుని ఉంది. ఆవిడ కూడా తన మీద జరిగిన పాపాన్ని ఒప్పుకుంటున్నట్టుంది వినడానికి. గుంటూరులో ఆరాధన క్రమంలో మేమూ అంతే, తలంపు వలన, మాట వలన, క్రియ వలన పాపం చేశామని పాలేరూ ఆసామీ ఒకే గొంతుతో చదివేవాళ్ళం. గ్లాసు గూట్లోనే ఉండేది.

ఆరో వారం ఎనభయ్యో పడిలో ఉన్న ఒక తెల్లాయన లేచాడు. అంతవరకూ నోరు విప్పని మనిషి. “1960ల్లో, ఇంకో ఊళ్ళో, నేను చర్చి తలుపు దగ్గర అషర్‌ని, వచ్చినవాళ్ళని లోపల కూర్చోబెట్టేవాణ్ణి” అన్నాడు. “ఒక ఆదివారం ఒక నల్లావిడ పాపని తీసుకుని మెట్లెక్కింది. పాపకి నీలం గౌను. చేతులకి తెల్ల తొడుగులు, ఎడమదానికి చూపుడువేలి దగ్గర కుట్టు ఊడింది. మీ చర్చి ఆ వీధిలో ఉందని చూపించాను. మర్యాదగానే చెప్పాను. వాళ్ళు దిగిపోయారు.” ఎవరో ఓదార్చబోయారు, ఆ రోజుల్లో అందరం అంతేగా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. “అందరం కాదు. ఆ తలుపు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. లోపలికి పంపించగలిగేవాణ్ణి. నన్నెవరూ చూడటం లేదు కూడా.”

అరవయ్యేళ్ళు ఆ ఊడిన కుట్టుని మోశాడు. తొమ్మిదేళ్ళుగా ఆ సంఘంలో నేను విన్న ఒప్పుకోలు అదొక్కటే. మిగిలినవన్నీ ప్రకటనలు. బైబిల్లో జక్కయ్య కూడా, ‘పన్ను వసూలుదారులం కొన్ని పొరపాట్లు చేశాం’ అనలేదు. నేనెవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేను. ఇంత.

ఆయన కూర్చోగానే గదిలో తలలన్నీ, నా తలతో సహా, ఆవిడ వైపు తిరిగాయి. ఏదో ఒకటి అంటుందని, క్షమించేస్తుందని, కళ్ళు తుడుచుకుంటుందని. ఆవిడ చేతిలో కాగితాలు సర్దుకుంది. ఆ పనీ ఆవిడ నెత్తినే పెట్టాలని మాకెందుకనిపించిందో!

ఆ రోజు నా వంతు రాలేదు. నేను రానివ్వలేదు. తర్వాత కోవిడ్ వచ్చింది, చర్చి మూతపడింది, హాయిగా ఇంకో రెండేళ్ళు గడిచాయి. 2022లో ఒక ఆదివారం బల్లలు మడిచిపెడుతుంటే ఆవిడకి చెప్పాను, మా అమ్మకి షుగర్ లేదని. ఎందుకలా అన్నానో కూడా చెప్పాను. ఆవిడ విని, బల్ల రెండో కొస పట్టుకోమని సైగ చేసి, అంది: “కొందరు గ్రీన్స్‌లో పంచదార వేస్తారు. నేను వెయ్యను.” బల్ల గోడకి ఆనించి వెళ్ళిపోయింది. మేం స్నేహితులం అయిపోలేదు. కనబడితే పలకరించుకుంటాం, అంతే.

మొన్న సంక్రాంతికి అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఈ గోలంతా చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని, “షుగర్ అన్న మాట నాకు మాత్రం తెలీదట్రా?” అంది. “నువ్వలా చెబుతుంటే పక్కనే ఉన్నాగా. నిన్ను నేను చెప్పమన్నానా?”

లేదమ్మా అన్నాను. నువ్వు చెప్పమనలేదు.

సరే, ఇంకోటడుగుతాను అని, మన పాలేరు ఇంటిపేరేంటమ్మా అన్నాను. వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో కనుక్కుందామని ఉంది. మా అమ్మ సంగతి మీకు తెలీదు. నాలుగూళ్ళ అవతలివాళ్ళ ఇంటిపేర్లూ, గోత్రాలూ, ఎవరికెవరు ఏమవుతారో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

చాలాసేపు ఆలోచించింది. ఫోన్లో టీవీ చప్పుడు వినబడుతోంది.

“ముప్ఫయ్యేళ్ళు చేశాడు కదరా మనింట్లో” అంది. “ఇంటిపేరు... ఏమో. ఎప్పుడూ అడగలేదే.”